రాకబిల్లీ అభిమానం: వారసత్వమూ, బాకీ

కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటుంది మన సామెత. ఈ సామెతను తలకిందులు చేసి బతికే మనుషులు ప్రపంచంలో కొందరున్నారు. వారిని రాకబిల్లీ అభిమానులంటారు. ఇంగ్లండులో, స్వీడన్‌లో, ఫిన్లాండులో, స్పెయిన్‌లో, జపాన్‌లో, మెక్సికోలో, అమెరికాలోని కాలిఫోర్నియాలో వీరు కనిపిస్తారు. మగవారు జుట్టుకు జిడ్డు పట్టించి, నుదుటిమీద పఫ్ఫు లేపి, జీన్స్ పంట్లాం అంచులు పైకి మడిచి తిరుగుతారు. ఆడవారు నడుము బిగించి, అడుగున గొడుగులా విచ్చుకునే గౌన్లు తొడుగుతారు. వీరు వినే పాటలు చాలావరకు 1954కూ 1960కీ మధ్య అమెరికాలో, ముఖ్యంగా దక్షిణ రాష్ట్రాల్లో, రికార్డయినవి. కాకుంటే ఆ పద్ధతిలో ఇవాళ కట్టినవి. వీరిలో ఎక్కువమంది ఆ కాలానికి పుట్టనైనా లేదు.

తాతలు నేతులు తాగారని మూతులు వాసన చూపించే రకం అభిమానం కాదిది. టోక్యోలో ఎల్విస్ ప్రెస్లీలా జుట్టు దువ్వుకునే యువకుడి పూర్వులు నేతులు తాగలేదు. 1945లో అమెరికా విమానాలు కురిపించిన బాంబులకు వెరచి దాక్కున్నారు. లాస్ ఏంజలస్‌లో 1950ల నాటి గౌను తొడుక్కునే మెక్సికన్ సంతతి యువతికి ఆ కాలపు అమెరికా సగౌరవంగా తలుపు తీసేది కాదు. మరి తమది కాని గతాన్ని వీరు ఇంతగా ప్రేమించటానికి కారణమేమిటి? ఆ ప్రేమలో అభ్యుదయ దృష్టికి పనికివచ్చేది ఏమైనా వున్నదా? ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచిన ప్రశ్న ఇదే.

మన శిబిరంలో ఈ ప్రశ్నకు రెండు సులభమైన సమాధానాలు వాడుకలో వున్నాయి. ఇదంతా అమెరికన్ పెట్టుబడి అమ్ముకునే చవకబారు సరుకు, పలాయనవాదం అనేది మొదటిది. ఈ సమాధానం ఎంత దూరం పోగలదో చరిత్ర ఒకసారి చూపించింది. 1959లో తూర్పు జర్మనీలో రాక్ అండ్ రోల్‌కు పోటీగా లిప్సీ అనే జంట నృత్యాన్ని తయారుచేసి, అధికారుల అండతో ప్రచారం చేశారు. కార్యాలయంలో పుట్టిన ఆ నృత్యం యువకుల కాళ్లలోకి దిగలేదు. సరుకుగా అమ్ముడయ్యే పాటలో కూడా జనానికి కావలసినదేదో వుండవచ్చుననీ, అదేమిటో తెలుసుకోకుండా దానికి ప్రత్యామ్నాయం చూపలేమనీ ఆ అనుభవం చెబుతున్నది.

రెండవ సమాధానం దీనికి పూర్తిగా ఎదురు. యువకులు ఏ వేషం వేసినా అది తిరుగుబాటే అంటుంది. స్టూవర్ట్ హాల్, టోనీ జెఫర్సన్ సంపాదకులుగా 1976లో బ్రిటన్‌లో ఒక వ్యాససంపుటి వెలువడింది. ఆచారాల ద్వారా ప్రతిఘటన అనే అర్థం వచ్చే పేరు దానిది. శ్రామికవర్గ యువకుల దుస్తుల్లో, నడకలో, సంగీతంలో వర్గజీవితం పలుకుతుందని అది చూపింది. అయితే ఆ రచయితలు జాగ్రత్తపరులు. జీవితంలోని చిక్కులను ఈ శైలులు ఊహలో విప్పుతాయి గాని నిజంగా విప్పవని కూడా వారే అన్నారు. తర్వాత వచ్చినవారిలో చాలామంది ఆ హెచ్చరికను వదిలేసి పుస్తకం పేరు మాత్రం పట్టుకున్నారు. జుట్టుకు జిడ్డు రాసుకున్నంత మాత్రాన అద్దె తగ్గదు, కూలి పెరగదు.

ఈ రెండు సమాధానాలూ అభిమాని ముఖం చూసి చెప్పినవే గాని, అతను వినే పాట విని చెప్పినవి కావు. మనం పాట దగ్గరనుంచి మొదలుపెడదాం.

రాకబిల్లీ అనే మాటలోనే వర్గం వున్నది. అమెరికా దక్షిణాదిలో కొండప్రాంతాల పేద తెల్లవారిని పట్టణాలవారు ఎగతాళిగా హిల్‌బిల్లీలు అనేవారు. ఆ మాట తోకకు రాక్ అనే మాటను అతికించగా వచ్చినదే రాకబిల్లీ. దాన్ని పాడినవారు ఆ తిట్టుకు తగినంత పేదలే. కార్ల్ పెర్కిన్స్ 1932లో టెన్నెసీ రాష్ట్రంలో పుట్టాడు. అతని తల్లిదండ్రులు పరాయి భూమిని పాలుకు చేసుకునే రైతులు. చిన్నతనంలోనే అతను పత్తి ఏరాడు. ఆ పొలాల్లోనే పనిచేసిన జాన్ వెస్ట్‌బ్రూక్ అనే నల్లజాతి వృద్ధుడు అతనికి గిటారు నేర్పాడు. జానీ క్యాష్ కూడా ఆర్కన్సాస్ పత్తిచేలల్లో పెరిగినవాడే. 1954లో ఎల్విస్ ప్రెస్లీ మెంఫిస్ నగరంలో ఒక ఎలక్ట్రిక్ కంపెనీ లారీ నడిపేవాడు.

మెంఫిస్‌లో, యూనియన్ అవెన్యూ 706 నంబరు భవనంలో, సామ్ ఫిలిప్స్ అనే ఆయన 1950లో ఒక చిన్న రికార్డింగు గది తెరిచాడు. 1952లో సన్ అనే రికార్డుల కంపెనీ పెట్టాడు. 1954 జులై 5న ఆ గదిలో ముగ్గురు మనుషులున్నారు: గిటారుతో పాడే ఎల్విస్, విద్యుత్ గిటారు పట్టిన స్కాటీ మూర్, నిలువెత్తు బాస్ వాయిద్యంతో బిల్ బ్లాక్. డ్రమ్ము లేదు. ఆ లోటును బాస్ తీర్చింది. బాస్ తీగను వేలితో లాగి వదిలితే అది చెక్కకు కొట్టుకుని టప్పుమంటుంది. ఆ టప్పు తాళమయింది. ఫిలిప్స్ రెండు టేపు యంత్రాలను కలిపి, పాడిన గొంతు క్షణంలో కొంత ఆలస్యంగా తిరిగి తనమీద తానే పడేటట్టు చేశాడు. ముగ్గురు మనుషుల సంగీతానికి ఒక పెద్ద గది నిండిన గుణం వచ్చింది. రాకబిల్లీ అభిమాని ఇవాళ్టికీ ప్రాణం పెట్టే రెండు శబ్దాలు ఈ టప్పూ, ఈ ప్రతిధ్వనీ. రెండూ లేమిలో చేతులు చూపిన నేర్పుకు గుర్తులు.

ఆ నెలలో వెలువడిన రికార్డుకు రెండు వైపులున్నాయి. ఒకవైపు పాట నల్లజాతి గాయకుడు ఆర్థర్ క్రూడప్ 1946లో రికార్డు చేసిన బ్లూస్. రెండవవైపు పాట తెల్లజాతి గాయకుడు బిల్ మన్రోది. అప్పటి అమెరికా సంగీత వ్యాపారం నల్లవారి పాటలకు ఒక పట్టిక, తెల్ల గ్రామీణుల పాటలకు ఒక పట్టిక పెట్టుకుని అమ్మేది. అంతకు సరిగ్గా ఏడు వారాల ముందు, 1954 మే 17న, బడులలో జాతివివక్ష రాజ్యాంగవిరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పు వచ్చినా బడి తలుపులు తెరుచుకోలేదు. మరుసటి సంవత్సరం ఆగస్టులో మెంఫిస్‌కు దక్షిణాన మిసిసిపీ రాష్ట్రంలో ఎమ్మెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల నల్లజాతి బాలుణ్ణి తెల్లవారు చంపారు. చంపినవారిని తెల్లవారే కూర్చున్న జ్యూరీ నిర్దోషులని వదిలేసింది. బడిలో, బస్సులో, భోజనశాలలో చట్టమూ ఆచారమూ కలవనివ్వని రెండు జాతులు ఆ నల్లని రికార్డు మీద వీపూ వీపూ ఆనించి నిలబడ్డాయి. రాకబిల్లీలోని నిజమైన సాహసం ఇది. పఫ్ఫుదీ జోళ్లదీ ఆ తర్వాతి మాట.

అయితే ఆ కలయికలో లాభం సమానంగా పంచబడలేదు. క్రూడప్ దక్షిణాది వ్యవసాయ కూలీ. ఆయన పాటలు తనకు ప్రేరణ అని ఎల్విస్ 1956లో బాహాటంగా ఒప్పుకున్నాడు. ఒప్పుకోలు వేరు, రాయల్టీ వేరు. తనకు రావలసిన డబ్బుకోసం ఏళ్ల తరబడి పోరాడి, అది చేతికి అందకుండానే క్రూడప్ 1974లో చనిపోయాడు. సన్ కంపెనీ చరిత్ర కూడా ఇటువంటిదే. 1953లో దానికి మొదటి పెద్ద విజయం తెచ్చినవాడు రూఫస్ థామస్ అనే నల్లజాతి గాయకుడు. ఎల్విస్ అమ్ముడవుతాడని తేలాక కంపెనీ చూపు తెల్లగాయకుల మీదికి మళ్లింది. తమను పక్కకు నెట్టారని థామస్ తర్వాత బహిరంగంగానే చెప్పాడు. 1955 నవంబరులో ఫిలిప్స్ ఎల్విస్ ఒప్పందాన్ని ఆర్‌సీఏ అనే పెద్ద కంపెనీకి 35,000 డాలర్లకు అమ్మాడు. చేతిపని సరుకయింది. 1958లో ఎల్విస్ సైన్యంలోకి వెళ్లేనాటికే మార్కెట్టు మెత్తని పాటలవైపు తిరిగింది; 1960 వచ్చేసరికి రాకబిల్లీ పుట్టినచోట దాదాపు మూగబోయింది.

దానికి రెండవ జన్మ సముద్రానికి అవతల కలిగింది. రెండవ ప్రపంచయుద్ధానంతరం లండన్ దర్జీలు ఏడవ ఎడ్వర్డు రాజు కాలపు పొడుగు కోట్లను ధనవంతులకోసం తిరిగి కుట్టటం మొదలుపెట్టారు. తూర్పు, దక్షిణ లండన్ కార్మిక యువకులు ఆ ఫ్యాషన్‌ను లాక్కుని తమదిగా చేసుకున్నారు. తమవంటి కోట్లు మురికివాడల్లో తిరుగుతుంటే దొరలు వాటిని వదిలేశారు. ఈ యువకులనే టెడ్డీబాయ్‌లన్నారు. ఈ దుస్తుల దోపిడీ చూసి సంతోషించేవారు మరొక సంగతి కూడా చూడాలి. 1958లో లండన్ నాటింగ్ హిల్ పేటలో వెస్టిండీస్ నుంచి వచ్చిన నల్లవారి ఇళ్లమీద దాడులు చేసిన గుంపుల్లో టెడ్డీబాయ్‌లు వున్నారు. నల్లవారి లయకు నాట్యమాడే కాళ్లే నల్లవారి తలుపులు తన్నాయి. అదే ఉపసంస్కృతి వారు 1976 మే నెలలో వేలాదిగా లండన్ వీధుల్లో ఊరేగి, రేడియోలో తమ పాటలు వేయాలని బీబీసీని డిమాండు చేశారు. ఒక కార్యక్రమం సంపాదించుకున్నారు కూడా. ఒకే వేషం దౌర్జన్యానికీ తొడుగయింది, సంఘటిత కోరికకూ తొడుగయింది. వేషాన్ని మాత్రమే చదివే విమర్శ ఇక్కడ ఏమీ తేల్చలేదు.

1980లో న్యూయార్క్ ప్రాంతం నుంచి స్ట్రే క్యాట్స్ అనే ముఠా లండన్‌కు వచ్చి పేరు తెచ్చుకోవటంతో రికార్డు కంపెనీలు మళ్లీ మేలుకున్నాయి. 1998 నుంచి లాస్ వేగస్‌లో ఏటా వసంతంలో రాకబిల్లీ ఉత్సవం మొదలయింది. జూదశాలల నగరంలో, టికెట్టు కొనుక్కుని, కొత్తగా తయారుచేసిన పాత గౌన్లు కొనుక్కుని, పాత కార్ల వరసల మధ్య తిరగటం అభిమానులకు ఒక యాత్ర అయింది. ఇందులో సరుకుల ఆరాధన ఎంత వున్నదో చెప్పటానికి పెద్ద విమర్శకుడు అక్కరలేదు. కాని అది మాత్రమే వుంటే అభిమాని కొని ఇంటికి పోవాలి. ఈ అభిమాని అలా చెయ్యడు. తుప్పుపట్టిన కారును విప్పి చేతులారా బిగించుకుంటాడు. వేళ్లు బొబ్బలెక్కేదాకా బాస్ తీగను లాగటం నేర్చుకుంటాడు. చాలామంది స్త్రీలు తమ గౌన్లు తామే కుట్టుకుంటారు. పగలంతా ఎవరో నిర్ణయించిన పనిని, ఎవరో నిర్ణయించిన వేగంతో చేసే మనిషికి, ఫలితం కళ్లముందు కనిపించే పని ఇక్కడ దొరుకుతుంది. ఉత్పత్తిలో పోగొట్టుకున్న నేర్పరితనాన్ని అతను సెలవుదినాన వెతుక్కుంటున్నాడు. వెతుకుతున్న చోటు తప్పని మనం అనవచ్చు; వెతికేది తప్పని అనలేము.

రెండవది మర్యాద. పెర్కిన్స్ 1955 చివర రికార్డు చేసిన నీలిరంగు జోళ్ల పాట ఇందుకు మంచి ఉదాహరణ. తన జోళ్లను ఎవరూ తొక్కకూడదని ఒక యువకుడు చేసే హెచ్చరికే ఆ పాట. ఒక నాట్యశాలలో అటువంటి మాట చెవినబడి, ఆ రాత్రి బంగాళాదుంపల కాగితపు సంచి మీద దాన్ని రాశానని పెర్కిన్స్ చెప్పుకునేవాడు. జోళ్లకోసం ఇంత రగడేమిటని కడుపునిండినవాడు నవ్వవచ్చు. కాని ఒంటిమీద పరువైన వస్తువు ఒక్కటే వున్నవాడికి దాన్ని తొక్కటమంటే తనను తొక్కటమే. ఆ పాట తెల్లవారి పట్టికల్లోనూ నల్లవారి పట్టికలోనూ కూడా పైకెక్కింది.

లాస్ ఏంజలస్‌లో ఈ మర్యాదకు చరిత్ర వున్నది. 1943 జూన్‌లో అమెరికన్ నావికులు అక్కడి వీధుల్లో మెక్సికన్ సంతతి యువకులను పట్టుకుని కొట్టి, వారు తొడిగిన వదులైన జూట్ సూట్లను ఒంటిమీదనుంచి చింపివేశారు. పేదజాతి యువకుడు దర్జాగా కనిపించటమే నేరమయింది. ఇవాళ ఆ నగరంలో రాకబిల్లీని బతికిస్తున్నవారిలో మెక్సికన్ సంతతివారు చాలామంది. 1958లో ‘లా బాంబా’ అనే మెక్సికన్ జానపదాన్ని రాక్ పాటగా పాడిన రిచీ వాలెన్స్ వారివాడే. ఇస్త్రీ చేసిన చొక్కా, మెరిసే జోళ్లు, మెరిసే కారు వీరికి కేవలం ఎల్విస్ అనుకరణలు కావు. చింపిన బట్టకు బదులు కుట్టిన బట్ట అవి.

జపాన్ సంగతి ఇంకా చిక్కయినది. 1958లో టోక్యోలో రాకబిల్లీ వెర్రి పెద్ద ఎత్తున లేచింది. అదే కాలంలో అమెరికన్ గాయని వాండా జాక్సన్ పాడిన ‘ఫుజియామా మామా’ అక్కడ ఘనవిజయం పొందింది. హిరోషిమా, నాగసాకీ పేర్లు చెప్పి, తన పేలుడుశక్తిని ఆ బాంబుతో పోల్చుకునే స్త్రీ పాట అది. బాంబు పడి పదమూడేళ్లే అయింది. పాట ఇంగ్లీషులో వున్నది కనుక అర్థం కాలేదా, అర్థమయీ లయకే లొంగారా, గెలిచినవాడి శక్తిని ఒక్క పాటసేపు తామూ తొడుక్కోదలచారా? ఈ మూడింటిలో దేన్నీ తోసివేయలేము. పరాజితుడు విజేత దుస్తులు తొడిగేటప్పుడు దాసోహమూ ఎగతాళీ ఏకమవుతాయి. టోక్యో యోయోగి పార్కు ద్వారం దగ్గర ఆదివారాలు తోలుకోట్లు తొడిగి నాట్యమాడే ముఠాల దృశ్యాలు చూసినవారికి ఒక వివరం గుర్తుండిపోతుంది: అరిగిపోయిన జోళ్లకు టేపు చుట్టుకుని ఆడతారు. కొత్త జోళ్లు అమ్మే ప్రకటనలో ఆ టేపు కనిపించదు.

స్త్రీల విషయంలో గతం మీద ప్రేమ మరింత కఠినమైన పరీక్షకు నిలబడాలి. వాండా జాక్సన్ తల్లి కుట్టిచ్చిన గౌన్లతో వేదిక ఎక్కి, ఆనాటి స్త్రీగొంతుకు నిషిద్ధమైన గరుకుతనంతో పాడింది. పేరున్న ఒక కంట్రీ సంగీత వేదిక మీద భుజాలు కనిపించకూడదని ఆమెచేత కోటు తొడిగించారు. ఆడ ఎల్విస్ అని ప్రచారం పొందిన జానిస్ మార్టిన్ పెళ్లిచేసుకుని గర్భవతి కావటంతో ఆమె రికార్డు కంపెనీ ఆమెను వదిలించుకున్నది. అప్పటికామెకు ఇరవై ఏళ్లయినా లేవు. 1950లు స్త్రీకి ఇచ్చినది ఇది. ఇవాళ ఆ గౌను తొడిగే యువతి ఆ వంటగదిని కోరటం లేదు. ఇటీవల పాతదుస్తుల అభిమానుల్లో, పాత శైలి కావాలి గాని పాత విలువలు వద్దు అనే నినాదం పుట్టింది. మంచి నినాదమే. కాని వద్దన్నంతనే విలువలు శైలినుంచి జారిపోవు. వాటిని వేరుచేయటానికి పని చెయ్యాలి. ఆ పనికి చరిత్ర తెలియాలి.

ఈ మాట ఎంత నిజమో ఒక జెండా చెబుతుంది. బానిసత్వాన్ని నిలుపుకోవటానికి 1861 నుంచి 1865 వరకు యుద్ధం చేసిన దక్షిణ రాష్ట్రాల జెండా, బ్రిటన్‌లో, స్వీడన్‌లో ఎంతోకాలం రాకబిల్లీ అభిమానుల కోట్లమీద, కార్లమీద అలంకారంగా వెలిగింది. అది మాకు తిరుగుబాటు గుర్తు మాత్రమేనని చాలామంది అమాయకంగానే అన్నారు. 2015 జూన్‌లో చార్లెస్టన్ చర్చిలో ప్రార్థనకు వచ్చిన తొమ్మిదిమంది నల్లవారిని ఆ జెండాతో ఫొటోలు దిగిన తెల్లజాతి దురహంకారి కాల్చి చంపాడు. మరుసటి నెల సౌత్ కరొలైనా రాష్ట్రం తన శాసనసభ ఆవరణనుంచే ఆ జెండాను దించేసింది. ఆ తర్వాత కూడా దాన్ని కోటుమీద వుంచుకునే అభిమానికి అమాయకత్వం సాకుగా మిగలలేదు. అంతకన్నా పెద్ద సంగతి: ఆ జెండా కింద క్రూడప్ పాట పాడేవాడు తాను ప్రేమించే పాటనే సగానికి చీలుస్తున్నాడు. జాన్ వెస్ట్‌బ్రూక్ గిటారు పట్టించకపోతే పెర్కిన్స్ లేడు. ఇది నీతిబోధ కాదు, సంగీతచరిత్ర.

మనుషులు కొత్తపనికి పూనుకునేటప్పుడు కూడా చచ్చిన తరాల పేర్లనూ వేషాలనూ అరువు తెచ్చుకుంటారని మార్క్స్ 1852లోనే గమనించాడు. అరువు తేవటాన్ని ఆయన నిందించలేదు. అది చేయవలసిన పనిని పెద్దదిగా చూపటానికా, పనినుంచి పారిపోవటానికా అని ప్రశ్నించాడు. రాకబిల్లీ అభిమానానికి మనం పెట్టవలసిన పరీక్ష ఇదే. కారు బిగించే చేతిలో, కుట్టిన బట్టలో, టేపు చుట్టిన జోడులో మొదటిది వున్నది. జెండాలో రెండవది వున్నది. తరచు రెండూ ఒకే మనిషిలో వుంటాయి. ఆ మనిషిని సరుకు బానిస అని తోసివేస్తే, ఆ వాదంలో రెండవదే గెలుస్తుంది.

విమర్శకుడు చెయ్యగలిగినది చిన్నదే గాని ఉపయోగకరమైనది. క్రూడప్, థామస్, వెస్ట్‌బ్రూక్ పేర్లు పాటతోపాటు పలికేటట్టు చెయ్యటం. పాట ఎవరి దగ్గరనుంచి వచ్చిందో, డబ్బు ఎవరి దగ్గరకు పోయిందో అభిమానుల్లో చర్చకు పెట్టటం. వారసత్వం తీసుకున్నవాడు బాకీ కూడా తీసుకోవాలన్నది మన పల్లెల్లో అందరికీ తెలిసిన న్యాయం. 1954 నాటి ఆ రికార్డుకు రెండు వైపులున్నాయి. దాన్ని అపురూపంగా దాచుకున్న అభిమానిని మనం అడగవలసింది, రెండు వైపులూ తిప్పి వినమనే.